గుర్రం నాడి అరవై నాలుగని రాశాను

నా తర్వాత ఆ పోటీలకి డాక్టరుగా వెళ్తున్న అమ్మాయి పోయిన నెల ఫోన్ చేసింది. "మేడమ్, వెళ్లేముందు ఏం చదువుకోమంటారు?" అని అడిగింది. రెండు మూడు పుస్తకాల పేర్లు చెప్పాను. ఫోన్ పెట్టేశాక, చెప్పాల్సింది చెప్పలేదనిపించింది. అది పుస్తకాల్లో ఉండదు. అందుకే ఇది రాస్తున్నాను.

నేను పశువుల డాక్టర్ని. ముప్పై ఏళ్లకు పైగా విశాఖపట్నం చుట్టుపక్కల ప్రభుత్వ పశువుల ఆసుపత్రుల్లో పనిచేశాను. ఏ ఊరి నుంచి ఏ ఊరికి బదిలీ అయ్యానో, ఎప్పుడు ఏ హోదా వచ్చిందో ఎవరికీ అక్కర్లేదు, నాకూ సరిగ్గా గుర్తులేదు. గేదెలు, ఆవులు, మేకలు, కోళ్లు. చూసినవాటిలో నూటికి తొంభై తొమ్మిది అవే. కానీ ఏడాదికోసారి చలికాలంలో, భీమిలి దగ్గర ఒక రైడింగ్ క్లబ్బు వాళ్లు పెట్టే గుర్రాల దూరపు స్వారీ పోటీకి డాక్టరుగా పిలిచేవాళ్లు. అలా పదకొండుసార్లు వెళ్లాను. సర్వీసు పుస్తకంలో ఆ పని ఎక్కడా ఉండదు. రిటైరయ్యాక నన్ను వదలనిది మాత్రం ఆ పదకొండు రోజులే.

అక్కడ మన పని

ఇది పరుగుపందెం అనుకుని వెళ్తే మొదటి గంటలోనే తికమక పడతావు. అరవై కిలోమీటర్ల దారి. సముద్రపు ఒడ్డున సరుగుడు తోటలో మొదలై, ఎర్రమట్టి దిబ్బల పక్కనుంచి లోపలికి వెళ్లి, జీడితోటలు, గెడ్డలనే చిన్న వాగులు, తాటితోపులు దాటి మళ్లీ ఒడ్డుకి రావాలి. మధ్యలో రెండుచోట్ల ఆగాలి. ఆగిన ఇరవై నిమిషాల్లోపు గుర్రం నాడి నిమిషానికి అరవై నాలుగుకి దిగాలి. దిగకపోతే ఆ గుర్రం పోటీ అక్కడితో ముగిసినట్టే. రైడరు ఎవరైనా సరే, ఎంత ముందున్నా సరే. ఎడమ మోచేతి వెనక స్టెతస్కోపు పెట్టి లెక్కపెట్టేది మనం. కాదు అని చెప్పేదీ మనమే. చదువంతా లెక్కపెట్టడానికి పనికొస్తుంది. కాదని చెప్పడానికి ఏ చదువూ సాయం రాదు.

దీనికి తోడు ఇంకో రకం మార్కులుంటాయి. రైడరు గుర్రంతో ఎలా మెలిగాడన్నదానికి జడ్జీలు వేసే మార్కులు. ఎక్కడం, దిగడం, కట్టేయడం, నీళ్లు పట్టడం, ఎత్తుపల్లాల్లో నడిపించడం, అన్నిటికీ. చిక్కంతా ఇక్కడే. నా పనికి అంకె ఉంది. వాళ్ల పనికి వాళ్ల గురువులు చెప్పిన మాట తప్ప ఇంకేమీ లేదు. మిలిటరీలో నేర్చుకున్నాయన పగ్గాలు బిగించి పట్టమంటాడు. వేరేచోట నేర్చుకున్నావిడ వదులుగా ఉంచమంటుంది. ఒకే మనిషి, ఒకే గుర్రం, ఒకే పని. ఒకరి కాగితంలో పది, ఇంకొకరి కాగితంలో సున్నా. ఇద్దరూ అబద్ధమాడరు. మధ్యలో నలిగేది గుర్రం.

మా పెద్ద డాక్టరు గారు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పైన ఒక పెద్ద డాక్టరు గారుండేవారు. గోదావరి జిల్లా మనిషి, మెల్లగా మాట్లాడేవారు. ఒకరోజు కడుపునొప్పితో పొర్లుతున్న జట్కా గుర్రాన్ని తీసుకొచ్చారు. నేను వెంటనే సూదిమందు తీశాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"తొందరేంటమ్మా? ముందు ఒక్క నిమిషం ఊరికే నిలబడి చూడు. ఎటు పడుకుంటుందో, ఏ వైపు తిరిగి చూసుకుంటుందో చూడు. ఆ తర్వాత ముట్టుకో."

ఆ ఒక్క నిమిషం నాకు ఉద్యోగమంతా అన్నం పెట్టింది.

ఆయన దగ్గరే ఇంకోటి కూడా నేర్చుకున్నాను. ఒక రైతు ఎద్దు మా ఆసుపత్రిలో చనిపోయింది. మా కాంపౌండరు మందు ఎక్కువ ఎక్కించాడు. పెద్ద డాక్టరు గారు నా చేత పాముకాటు అని రాయించారు. "నిజం రాస్తే ఎద్దు లేచి వస్తుందా? ఎవరికీ గొడవ లేకుండా రాయాలి" అన్నారు. ఆ రైతు ఆయనకి దండం పెట్టి వెళ్లాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఆయన చెయ్యి ఎంత మంచిదో కలం అంత చెడ్డది. చిన్న వయసులో మనం పైవాళ్ల దగ్గర రెండూ కలిపే నేర్చుకుంటాం. ఏది ఉంచుకోవాలో ఏది పారెయ్యాలో తేల్చుకునేసరికి ఆలస్యమైపోతుంది. నా విషయంలో చాలా ఆలస్యమైంది.

అప్పలసూరి, రాణి

క్లబ్బు గుర్రాలు పొడుగ్గా, నిగనిగలాడుతూ ఉండేవి. ఎక్కేవాళ్లు వ్యాపారుల పిల్లలు, డాక్టర్లు, ఇద్దరు ముగ్గురు నేవీ ఆఫీసర్లు. ఒక ఏడాది పోటీకి బయటివాళ్లనీ రానిచ్చారు. అప్పుడే అప్పలసూరి వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. బీచ్‌లో పిల్లల్ని గుర్రమెక్కించి తిప్పేవాడు. వాళ్ల నాన్న భీమిలిలో జట్కా తోలేవాడట.

వాడి గుర్రం పేరు రాణి. పొట్టి ఆడగుర్రం, ఇసుక రంగు. చెవుల కొనలు లోపలికి ఒంగి ఒకదానికొకటి ఆనుకునేవి. జీను కింద మంచి మెత్త కూడా లేదు, మడతపెట్టిన పాత దుప్పటి. నిజం చెప్పాలంటే, దాన్ని చూడగానే మొదటి ఆగుదలకే ఇది ఇంటికెళ్తుంది అనుకున్నాను. చూడ్డానికి బాగున్న గుర్రమే బలమైన గుర్రమనుకోవడం ఆ రంగంలో అందరికీ ఉండే జబ్బు. నాకూ ఉండేది.

మొదటి ఆగుదల దగ్గర రాణి నాడి ఎనిమిది నిమిషాల్లో అరవై నాలుగు కిందికి వచ్చేసింది. ఆ రోజు వచ్చిన ఏ గుర్రానికీ అంత త్వరగా దిగలేదు. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాను. పొట్ట రెండు పక్కలా చెవి పెట్టాను. పేగుల చప్పుడు బాగా వినిపిస్తోంది. దంతాల పైన చిగురు నొక్కి వదిలితే చిటికెలో ఎర్రబడింది.

"ఏం చేశావు దీన్ని?" అని అడిగాను.

"నానేటి సేత్తానమ్మా? అదే నడిసింది. దిగుడొచ్చిన కాడ నాను దిగీసి పక్కన నడిసినాను, అంతే" అన్నాడు.

దిబ్బల పక్కన గెడ్డలోకి నిలువుగా దిగే వాలు ఒకటుంది. ఇసుక కాళ్లకింద జారిపోతూ ఉంటుంది. అందరూ గుర్రం మీదే దిగారు. అప్పలసూరి ఒక్కడే జీను దిగి, పగ్గం వదులుగా పట్టుకుని, రాణి పక్కన నడుచుకుంటూ దిగాడు. అక్కడ ఇద్దరు జడ్జీలు కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఒకరు పోటీ నడిపే మేజర్ గారు, మిలిటరీలో గుర్రాల దళంలో చేసి రిటైరైన మనిషి. రెండోవారు పుణె నుంచి అతిథిగా వచ్చిన ఒకావిడ. ఆమె అప్పలసూరికి పదికి పది వేసింది. మేజర్ గారు సున్నా వేశారు.

సాయంత్రం మార్కులు కూడే చోట ఇద్దరికీ మాటామాటా వచ్చింది.

"గుర్రం గురించి ఆలోచించినవాడు అతనొక్కడే" అంది ఆవిడ.

"ఇది స్వారీ పోటీ మేడమ్, నడక పోటీ కాదు. వాలు మీద జీనులో కూర్చోలేనివాడు రైడరే కాదు. నా రెజిమెంట్‌లో అయితే శిక్ష వేసేవాళ్లం" అన్నారు మేజర్ గారు. తర్వాత నా వైపు తిరిగి, "డాక్టర్ గారూ, మీరేమంటారు?" అని అడిగారు.

నా చేతిలో అన్ని గుర్రాల అంకెలూ ఉన్నాయి. దిగి నడిచినవాడి గుర్రం ఎంత త్వరగా తేరుకుందో ఆ కాగితం మీదే ఉంది. చదివితే చాలు. నేను, "నాది నాడి వరకే సార్, మార్కులు మీ ఇష్టం" అన్నాను. అలా అనడం మర్యాద అనుకున్నాను. పిరికితనాన్ని నేను చాలాసార్లు మర్యాద అనే పిలుచుకున్నాను.

రెండు మార్కులూ కలిపి సగం చేశారు. అప్పలసూరి ఐదో స్థానానికి పోయాడు. గుర్రాన్ని చెట్టుకి కట్టేసి నా దగ్గరికొచ్చాడు.

"ఏటి తప్పు సేసినాను డాక్టరమ్మా? గుర్రానికేటైనా దెబ్బ తగిలిందా?"

"లేదు. గుర్రం బాగుంది."

"మరేల మార్కులు కోసీసినారు?"

"వాలు దగ్గర దిగి నడిచావని."

"దిగకపోతే నా బరువంతా దాని ముందరికాళ్ల మీద పడిపోద్ది కదేటి? మా అయ్య బండి తోలినప్పుడు గూడా దిగుడొస్తే దిగీసీవోడు." వెనక్కి తిరిగి రాణిని ఒకసారి చూశాడు. "అయితే వొచ్చే ఏడు దిగకూడదన్నమాట."

"మేజర్ గారికి నచ్చాలంటే దిగకూడదు" అన్నాను.

ఆ మాట ఎవరూ నన్ను చెప్పమనలేదు. నేనే చెప్పాను. సాయం చేస్తున్నాననుకున్నాను.

నేర్చుకున్న ఏడాది

వాడికి గెలవాలన్న ఆశ ఎందుకంటే, క్లబ్బు వాళ్లు భీమిలి దారిలో పిల్లలకి స్వారీ నేర్పే బడి పెడుతున్నారు. మరుసటి ఏడు స్వారీ మార్కుల్లో మొదటివాడిని అందులో మాస్టరుగా పెట్టుకుంటామని అందరిముందూ చెప్పారు. మాస్టరు గుర్రానికి అక్కడే కొట్టం కూడా ఇస్తామన్నారు. బీచ్‌లో గుర్రాల్ని తిప్పనివ్వడం అప్పటికే తగ్గిపోయింది. పోలీసులు ఒక రోజు ఊరుకుంటే రెండు రోజులు తరిమేవాళ్లు. రాణిని ఒక పాత లారీ షెడ్డులో రేకుల కింద కట్టేవాడు. ఎండాకాలం ఆ రేకుల కింద మనిషి నిలబడలేడు.

ఆ ఏడాదంతా వాడు మేజర్ గారి పద్ధతి నేర్చుకున్నాడు. ఆదివారాలు క్లబ్బు కంచె బయట నిలబడి లోపల నేర్పుతుంటే చూసేవాడట. ఒకసారి రాణి గిట్టకి పుండు పడితే ఆసుపత్రికి తీసుకొచ్చాడు. కాలికి బూట్లు, తలకి హెల్మెట్. నోట్లో కొత్త కళ్లెం, పాతదానికంటే బిగువైనది. రాణి పెదవుల మూలలు ఎర్రగా ఒరుసుకుపోయి ఉన్నాయి.

"ఇదేంటి, కళ్లెం మార్చావా?"

"తల కిందికేసి నడవకూడదంట. మెడ ఒంచి, బిగించి పట్టాలంట."

"తల దించకపోతే దానికి నేల ఎలా కనిపిస్తుంది?"

నవ్వాడు. "అది సూడక్కర్లేదంట అమ్మా. నాను సూడాలంట."

పుండుకి మందు రాసి పంపించాను. పెదవుల మూలలకి కూడా ఆయింట్‌మెంట్ ఇచ్చాను. కళ్లెం తీసెయ్యమని మాత్రం చెప్పలేదు. వాడు ఒక మెట్టు పైకి ఎక్కాలని చూస్తున్నాడు, నేనెందుకు అడ్డుపడాలి అనుకున్నాను.

రెండో ఆగుదల

మరుసటి ఏడు పోటీకి పుణె ఆవిడ రాలేదు. స్వారీ మార్కులన్నీ మేజర్ గారి చేతిలోనే. ఆ రోజు మబ్బుగా ఉంది, గాలి లేదు. మన తీరంలో చలికాలం కూడా నమ్మదగ్గది కాదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట పడుతుంది కానీ ఆరదు. చెమట ఆరకపోతే గుర్రం ఒళ్లు చల్లబడదు. పొద్దున్న ఆరింటికే నా కళ్లద్దాల మీద తడి పేరుకుంది. దూరం తగ్గించమని అడగాలనిపించింది. అప్పటికే బ్యానర్లు కట్టేశారు, అతిథులు వచ్చేశారు. అడగలేదు.

అప్పలసూరి వాలు దగ్గర జీను దిగలేదట. వీపు నిటారుగా, మడమలు కిందికి, పగ్గాలు బిగువుగా పట్టుకుని గుర్రం మీదే వాలు దాటాడని, మేజర్ గారు పదికి పది వేసి చప్పట్లు కొట్టారని వాకీటాకీలో విన్నాం. ఆగుదల దగ్గరున్నవాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

రెండో ఆగుదల తగరపువలస దాటాక ఒక జీడితోటలో. అక్కడికి ముందుగా ఒక ఇనుము వ్యాపారి కొడుకు వచ్చాడు, ఎత్తయిన నల్లగుర్రం మీద. ఇరవై నిమిషాలకి నాడి అరవై ఆరు. ఇంకోసారి లెక్కపెట్టాను. అరవై ఆరే.

"అయిపోయింది బాబూ, దిగిపో" అన్నాను.

"రెండే కదా మేడమ్ ఎక్కువ!"

"రెండైనా ఎక్కువే."

హెల్మెట్ తీసి నేలకేసి కొట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నేను సరిగ్గా చేసిన పని అదొక్కటే.

పావుగంట తర్వాత రాణి వచ్చింది. ముందున్న గుర్రాల్లో అది రెండోది. పెద్ద డాక్టరు గారు నేర్పినట్టు ఒక్క నిమిషం నిలబడి చూశాను. తల వేలాడేసింది. చెవుల కొనలు కలుసుకోలేదు, పక్కలకి వాలిపోయి ఉన్నాయి. వెనక తొడలు ముట్టుకుంటే చెక్కలా గట్టిగా ఉన్నాయి. ఎడమ పక్క పేగుల చప్పుడు వినిపిస్తోంది, కుడిపక్క దాదాపు లేదు. మెడ మీద చర్మం పట్టుకుని వదిలితే మడత అలాగే కాసేపు నిలబడింది. అప్పలసూరి బకెట్లతో నీళ్లు పోస్తూనే ఉన్నాడు. పదో నిమిషానికి డెబ్బై నాలుగు. పదిహేనుకి డెబ్బై. ఇరవైకి అరవై ఆరు.

స్టెతస్కోపు తీయకుండా అలాగే వంగి ఉన్నాను. వాడు నా మొహం వైపు చూస్తున్నాడు. బూట్లు ఇసుకతో నిండిపోయాయి. హెల్మెట్ పట్టీ కింద చెమట కారుతోంది. ఇంకా మిగిలింది పద్దెనిమిది కిలోమీటర్లు. అది దాటితే ఉద్యోగం, రాణికి కొట్టం. ఇందాకటి కుర్రాడికి ఇంట్లో ఇంకో మూడు గుర్రాలున్నాయి, వీడికి ఇదొక్కటే, అనుకున్నాను. జాలి ఎటువైపు లాగుతుందో చూడు. ఇంకో గుర్రం లేదు కాబట్టే నేను దాన్ని ఆపాల్సింది.

"ఎంతమ్మా?" అన్నాడు.

"అరవై నాలుగు" అని, అదే కాగితం మీద రాశాను. "మెల్లగా తీసుకెళ్లు. తొందరపడకు."

"అలగేనమ్మా."

ఎక్కాడు. వీపు నిటారుగా పెట్టి కూర్చున్నాడు. రాణి రెండడుగులు వెనక్కి వేసి, తర్వాత ముందుకి కదిలింది.

గంట తర్వాత వాకీటాకీలో పిలిచారు. నేను జీపులో వెళ్లేసరికి తాటితోపులో దారి మీద రాణి నిలబడి ఉంది. వెనక కాళ్లు కర్రల్లా బిగుసుకుపోయాయి, అడుగు పడటం లేదు. ఒళ్లంతా వణుకు. అప్పలసూరి బిగువు కళ్లెం పీకి ఎక్కడో పారేశాడు, ఉత్త తాడు పట్టుకుని నిలబడ్డాడు. నేను చూస్తుండగానే అది మూత్రం పోసింది. కాఫీ డికాక్షన్ రంగు. కండరాలు కరిగి రక్తంలో కలిసిపోతే అలా వస్తుంది. అది చూశాక ఇక నాకు వేరే పరీక్ష అక్కర్లేదు.

తర్వాత కూలబడిపోయింది. మెడ నరానికి సూది పెట్టి సెలైన్ ఎక్కించాం. సీసాలు పట్టుకోవడానికి పక్క పొలంలో కూలీలు వచ్చారు. చుట్టూ జనం చేరారు. ఒక ముసలావిడ తాటాకుతో విసురుతూ, "ఓలమ్మా, దీన్నెంత పరిగెత్తించీసినార్రా" అని ఒకటే అంటోంది. అప్పలసూరి రాణి తల ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఏడవలేదు. దాని చెవులు రెండూ చేతుల్తో దగ్గరికి తెచ్చి పట్టుకుని ఉన్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి మూత్రం పూర్తిగా ఆగిపోయింది. ఇక లేవదు. ఆ సంగతి వాడికి చెప్పాను.

"నొప్పుంటాదా?" అన్నాడు.

"ఇప్పుడుంది. సూది వేశాక ఉండదు."

"అయితే యెయ్యండి."

నేనే వేశాను. ముప్పై ఏళ్లలో చాలా జంతువులకి ఆ సూది వేశాను. మన చేత్తో ఒక గుర్రాన్ని చావుకి పంపించి, మళ్లీ మన చేత్తోనే దాన్ని నొప్పి నుంచి తప్పించడం ఎలా ఉంటుందో ఎవరికీ రాసి చెప్పలేను.

రిపోర్టు

మూడు రోజుల తర్వాత మేజర్ గారు క్లబ్బుకి పిలిచారు. చెడ్డ మనిషి కాదు. రాణి పడిపోయిందని తెలియగానే బహుమతులు ఇవ్వడం ఆపేయించింది ఆయనే. కానీ ఇలాంటి పోటీలన్నిటికీ అనుమతిచ్చే పై సంఘానికి రిపోర్టు పంపాలి. గుర్రం చావుకి కారణం అని ఒక గడి ఖాళీగా ఉంది.

"రైడర్ సరిగ్గా చూసుకోలేదని రాయండి మేడమ్. మీ అంకెలు రూలు ప్రకారమే ఉన్నాయి. మా మార్కులూ రూలు ప్రకారమే ఉన్నాయి. ఇంకెవరికీ నష్టం ఉండదు."

"అప్పలసూరికి?"

ఆయన కిటికీలోంచి బయటికి చూశారు. "అతనికి ఇంకేం మిగిలింది మేడమ్, నష్టపోడానికి?"

నేను రాశాను. అవును, నేనే. రైడరు నిర్లక్ష్యంగా, శక్తికి మించి గుర్రాన్ని తోలాడని నా చేతిరాతలో రాసి సంతకం పెట్టాను. ఏ రైడరైతే గుర్రం ముందరికాళ్ల గురించి ఆలోచించి జీను దిగాడో, ఆ రైడరు గురించి. వాణ్ని పోటీల నుంచి తీసేశారు. ఆ కాగితం ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. బీచ్‌లో తోటివాళ్లు కూడా 'పందెంలో గుర్రాన్ని సంపీసినోడు' అనడం మొదలెట్టారు. వాడు బీచ్‌కి రావడం మానేశాడు.

నాలుగు నెలలు ఆగాను. ఎందుకాగానో చెప్పడానికి నా దగ్గర మంచి కారణం లేదు. తర్వాత సంఘానికి ఉత్తరం రాశాను. ఆ రోజు నేను లెక్కపెట్టింది అరవై ఆరు, రాసింది అరవై నాలుగు, తప్పు నాది. జీను దిగినవాళ్లకి మార్కులు కోసే పద్ధతి కూడా తప్పు, రెండేళ్ల నాడి అంకెలు జతచేస్తున్నాను, చూడండి అని రాశాను. జవాబు రాలేదు. మేజర్ గారు ఫోన్ చేసి, "ఇప్పుడెందుకు మేడమ్ ఇదంతా? అందరూ మర్చిపోయారు" అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. తర్వాతి ఏడు నన్ను పిలవలేదు. ఆ పైన రిటైరయ్యాను. మార్కుల కాగితం ఇప్పటికీ అదేనని విన్నాను. వాలు దగ్గర జీనులోనే ఉన్నాడా లేదా అన్న గడి అలాగే ఉందట.

అమ్మా, రేపు నువ్వు వెళ్లేది ఆ కాగితం ఉన్న చోటికే. మార్కులు నీవి కావని ఊరుకోకు. వాళ్లు వేసే సున్నా మరుసటి ఏడాది గుర్రం కాళ్ల మీదికి వస్తుంది, అప్పుడు నాడి పట్టుకోవాల్సింది నువ్వే. జాలిపడి ఎవరినీ దాటించకు. జాలి ఉంటే ఆపు.

దువ్వాడ

పోయిన వేసవిలో అప్పలసూరి ఎక్కడున్నాడో వెతికి పట్టుకున్నాను. దువ్వాడ స్టేషను అవతల కొత్తగా కడుతున్న అపార్ట్‌మెంట్ల దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నాడు. నీలం చొక్కా, భుజానికి ఈల తాడు. నన్ను చూసి లేచి నిలబడి, తన కుర్చీ తుడిచి నా వైపు జరిపాడు.

"కూకోండమ్మా. ఇంత దూరం ఏల వొచ్చినారు?"

నిలబడే చెప్పాను. అరవై ఆరు సంగతి, రిపోర్టు సంగతి, ఉత్తరం సంగతి. మధ్యలో ఆపకుండా విన్నాడు.

"నాకు తెల్సమ్మా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"బాగోనేదని. ఆ తోటలో నా సేత్తో నీల్లెడితే మూతి తిప్పీసినాది. పదేళ్లలో ఎప్పుడూ అలగ సెయ్యలేదది. అప్పుడే తెలిసిపోనాది నాకు. మీరు ఆపీస్తారేటో అని మీ మొకం సూసినాను. ఆపకూడదని దండం ఎట్టుకున్నాను."

"నేను ఆపాల్సింది."

"ఆపుంటే ఆ రోజు మిమ్మల్ని తిట్టీసీవోడ్ని." చేతిలో ఈల తిప్పుతూ నిలబడ్డాడు. "దార్లో గూడా రెండుసార్లు దిగీద్దామనుకున్నాను. తోపులో ఎవులూ నేరు, ఎవులూ సూడరు. అయినా దిగలేదు. ఎక్కడో సెట్టెనకాల జడ్జీ ఉన్నాడేమోనని."

పోటీల నుంచి తీసేసిన ఆర్డరు రద్దు చేయించడానికి మళ్లీ రాస్తానన్నాను. పేపరు వాళ్లకి చెప్తానన్నాను.

"వొద్దమ్మా. రద్దు సేత్తే నాను మల్లీ గుర్రమెక్కాల." తల అడ్డంగా ఊపాడు. "మీరు మంచోలే. మంచోలు గాబట్టే ఒదిలీసినారు. కానీ ఇంక రావొద్దు. మీరొస్తే అది కల్లముందరికొచ్చెత్తాది."

గేటు బయట సిమెంటు లారీ హారన్ కొట్టింది. వాడు వెళ్లి రెండు రెక్కలూ తెరిచి, లారీ లోపలికి వచ్చాక మూసేశాడు. నా వైపు తిరిగి చూడలేదు. నేను పక్కనున్న చిన్న గేటులోంచి బయటికొచ్చి స్టేషను వైపు నడిచాను.